ముని బంతి అడిగిన మాట

1996 జూలైలో మదనపల్లెలోని ఒక డిగ్రీ కాలేజీకి ఫిజికల్ డైరెక్టరుగా బదిలీ అయ్యాను. ఈ ఉద్యోగం పేరును కాలేజీలో ఎవరూ పూర్తిగా పలకరు, పి.డి. అంటారు. స్కేలు లెక్చరర్లదే గానీ, స్టాఫ్ మీటింగులో కుర్చీ మాత్రం తలుపు పక్కన. ఎండలో తిరిగేవాడికి కాస్త గాలి తగలాలని అలా వేశారేమో అనుకుని నేను ఆక్షేపించలేదు. చేరిన రోజే ప్రిన్సిపాల్ గారు పిలిచి ఫుట్‌బాల్ జట్టును తయారు చేయమన్నారు. ఫుట్‌బాలే ఎందుకని అడిగాను. కిందటేడు తెప్పించిన బంతులు గదిలో ఊరికే పడి ఉన్నాయని జవాబిచ్చారు. ఆయన కామర్సు మనిషి.

అప్పటి పద్ధతి ఇలా ఉండేది. విశ్వవిద్యాలయం తన కింది కాలేజీలను గ్రూపులుగా విడగొట్టేది. ఒక్కో గ్రూపులో పోటీలు జరిగాక, చివరి మ్యాచ్ చూసిన సెలక్షన్ కమిటీ విశ్వవిద్యాలయం జట్టుకు ఆటగాళ్లను ఎంపిక చేసేది. కమిటీ అంటే వేరే కాలేజీల పి.డి.లే. మామూలుగా గ్రూపు పోటీలన్నీ ఒకే ఊళ్లో పెడతారు. ఆ ఏడాది అన్ని జట్లకూ తిండి పెట్టడానికి ఏ కాలేజీ ముందుకు రాలేదు కాబట్టి, ఒక్కో మ్యాచ్ ఒక్కో ఊళ్లో ఆడాలని తీర్మానించారు. మాకు మొదటిది మదనపల్లెలోనే, రెండోది పుంగనూరులో, నెగ్గితే ఫైనల్ కుప్పంలో.

ట్రయల్స్ పెట్టాను. వచ్చినవాళ్లలో సగం మంది క్రికెట్ జట్టులో చోటు దొరకనివాళ్లు. మిగతా సగంలో ఇద్దరు పనికొచ్చేవాళ్లు కనిపించారు. వాళ్ల చుట్టూనే జట్టును అల్లాను.

ఒకడు రెడ్డెప్ప. తంబళ్లపల్లె వైపు పల్లె, వేరుశనగ పండించే కుటుంబం. గోలు ముందు నిలబడే వెనక వరస ఆటగాణ్ణి స్టాపర్ అంటారు. అతన్ని స్టాపరుగా పెట్టాను. బూట్లు వేసుకుంటే కాళ్లు కట్టేసినట్టుంటుందని మొదటి వారం వట్టి కాళ్లతో ఆడాడు. బంతిని తన్నితే అది మైదానంలో ఉండేది కాదు. ఒకసారి కెమిస్ట్రీ ల్యాబు కిటికీలోంచి లోపలికి పోయింది. ల్యాబు వాళ్లు బంతి ఇచ్చేశారు గానీ, ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేశారు.

రెండోవాడు మునిరత్నం. అందరూ ముని అనేవాళ్లం. కుప్పం దగ్గర పల్లె. ఇంట్లో కన్నడం, వీధిలో తమిళం, బళ్లో తెలుగు. వాళ్ల మేనమామ కోలారు గనుల్లో పనిచేస్తూ అక్కడి జట్లలో ఆడినవాడు. ముని ఆట ఆయన దగ్గర నేర్చుకున్నాడు. సన్నగా ఉండేవాడు, కానీ బంతి కాలికి తగిలితే ఇక దాన్ని వదిలేవాడు కాదు. వాణ్ణి సెంటర్ ఫార్వర్డుగా, అంటే అందరికన్నా ముందుండి గోలు కొట్టాల్సినవాడిగా పెట్టాను.

ముని డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. విశ్వవిద్యాలయం జట్టులో చోటు దొరికితే వ్యాయామ విద్య కాలేజీలో స్పోర్ట్స్ కోటా కింద సీటు వస్తుంది. దొరక్కపోతే బెంగళూరు పోయి, వాళ్లన్న పనిచేసే చోట గ్రానైట్ పాలిష్ పట్టాలి. పట్టుపురుగులు పెంచే వాళ్ల నాన్న ఆ సంగతి ముందే తేల్చి చెప్పేశాడట. ఈ ఒక్క సీజన్, అంతే. ఇదంతా ముని నాకు మైదానంలో సున్నం గీతలు వేస్తూ చెప్పాడు.

"పి.డి. అయితా సార్, మీ మాదిరి," అన్నాడు.

అదేమంత పెద్ద కోరిక కాదని చెప్పాను. తలుపు పక్కన కుర్చీ సంగతి కూడా చెప్పాను. వాడు నవ్వి గీత వంకర పోనిచ్చాడు. నేను దాన్ని చెరిపించి మళ్లీ వేయించాను. అబద్ధం ఎందుకు, ఆ మాట విని నాకు లోపల చాలా సంతోషమైంది.

ఆగస్టు చివర్లో మొదటి మ్యాచ్ జరిగింది. నెగ్గాం, కానీ ఎదుటి జట్టు గోలీ, అంటే గోల్‌కీపరు, బంతిని తన గోల్లోకే వదిలేయడం వల్ల నెగ్గాం. ప్రిన్సిపాల్ గారు మనవాళ్లెన్ని కొట్టారని అడిగారు. మనవాళ్లేమీ కొట్టలేదు సార్, వాళ్లే వేసుకున్నారని చెప్పాను. మరి మనవాళ్లు ఆడిందేమిటని అడిగారు.

నిజానికి నన్ను తొలుస్తున్నదీ అదే ప్రశ్న. ఆ మ్యాచ్‌లో మునికి బంతి అందనే లేదు. రెడ్డెప్ప వెనకాల బంతిని చేజిక్కించుకునేవాడు, ముని ఖాళీ చూసుకుని వచ్చి నిలబడేవాడు, చేయెత్తి గొంతు చించుకునేవాడు. రెడ్డెప్ప చక్కగా చూసి, బంతిని వాడి నెత్తి మీదుగా ఎక్కడో కంచె అవతలికి తన్నేవాడు. మళ్లీ మళ్లీ అదే తంతు. మైదానం ఈ కొసన నిలబడిన నాకు అరుపులు తప్ప మాటలు వినపడేవి కావు.

ఇద్దరి మధ్యా ఏదో గొడవ ఉందనుకున్నాను. హాస్టల్లో కుర్రాళ్లకు తగువులు పెట్టుకోవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. విడివిడిగా పిలిచి అడిగాను.

ముని మొహం వేలాడేసుకుని చెప్పాడు. "గొడవేమీ లేదు సార్. అడిగితే ఇయ్యడు. అడక్కుండా ఉంటే పక్కోడికి ఇస్తాడు. నా మీద ఆయప్పకి ఏముండాదో నాకు తెలీదు."

రెడ్డెప్ప ఆశ్చర్యపోయాడు. "నేనేం సేసినా సార్? ఆయప్ప ఎట్ల సెప్తే అట్లనే సేస్తాండా కదా!"

ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. నేను నమ్మలేదు. పుంగనూరు పోయే బస్సులో ఇద్దర్నీ ఒకే సీటులో కూర్చోబెట్టాను. దారి పొడుగునా టమోటా ధరల గురించి శుభ్రంగా కబుర్లు చెప్పుకున్నారు. మునిది రెడ్డెప్ప కన్నా స్పష్టమైన తెలుగు. నాకు మతి పోయింది.

పుంగనూరు జట్టు పి.డి. చలపతి గారు నాకన్నా సీనియర్. సర్వీసంతా ఆ చుట్టుపక్కలే చేసిన మనిషి, సెలక్షన్ కమిటీలో కూడా ఉండేవారు. ఆయన జట్టులో చాలామందికి ఇంటి భాష కన్నడం. ఆట మొదలైంది. ఈసారి ఇంకొక వింత గమనించాను. ముని నోరు తెరవగానే పుంగనూరు స్టాపర్లిద్దరూ వాడి మీదికి ఉరికేవాళ్లు. వాడికి బంతి రాబోతోందని వాళ్లకెలాగో ముందే తెలిసిపోయేది. బంతి మాత్రం వచ్చేది కాదు. దాన్ని రెడ్డెప్ప ఎప్పటిలాగే ఊరి బయటికి తన్నేవాడు. ఇంటర్వెల్ సమయానికి ఒక గోలు వెనకబడ్డాం.

మైదానం పక్కనే చేతిపంపు ఉంది. మా వైపు దాన్ని బోరింగు అంటారు. రెడ్డెప్ప బిందె నిండా నీళ్లు పట్టుకొచ్చి చెంబుతో అందరికీ ఇస్తున్నాడు. ముని చిట్టచివర రొప్పుతూ వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఊపిరి అందక ఒక్క ముక్కే అన్నాడు.

"నీళ్లు కొడు."

రెడ్డెప్ప నిండు బిందెను కింద పెట్టాడు. బోరింగు దగ్గరికి పోయి, రెండు చేతులా కొట్టడం మొదలుపెట్టాడు. నీళ్లు ధారగా నేల మీద పడుతున్నాయి. ముని ఆ నీళ్లనూ, బిందెనూ, రెడ్డెప్పనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఏమప్పా, యాల కొడ్తాండావు?" అని చివరికి కారణం అడిగాడు.

"నువ్వే కదప్పా కొట్టు అన్నింది!"

అప్పుడు అర్థమైంది నాకు. కన్నడంలో కొడు అంటే ఇవ్వమని అర్థం, తమిళంలోనూ దాదాపు అదే మాట. మదనపల్లె సంతలో ఆ మాట పదిసార్లు విన్నవాణ్ణే. ముని మామూలుగా ఉన్నప్పుడు తెలుగులోనే అడుగుతాడు. పరుగెత్తి రొప్పుతున్నప్పుడు మాత్రం ఇంటి మాట వస్తుంది. బంతి ఇమ్మని వాడు "కొడు, కొడు" అని అరిస్తే, తంబళ్లపల్లె చెవికి అది "కొట్టు, కొట్టు" అని వినపడింది. రెడ్డెప్ప మాట జవదాటే రకం కాదు. కొట్టాడు.

ఇదంతా చూస్తున్న చలపతి గారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఇప్పుడు తెలిసిందా నీకు? మీవోడు అడిగేది మావోళ్లకి మొదట్నే తెలిసిపాయె. మీవోళ్లకి తెలీకపోవడమే సోద్యం," అన్నారు. నాకు ఒళ్లు మండింది. అప్పటిదాకా మా సెంటర్ ఫార్వర్డ్ తన ఎత్తుగడలన్నీ ఎదుటి జట్టుకు ముందుగా విన్నవించి ఆడాడన్నమాట.

మిగిలిన ఇంటర్వెల్‌లో నేను చెప్పిన వ్యూహం ఒక్కటే. కొడు అంటే ఇవ్వు. అందరిచేతా గట్టిగా అనిపించాను. రెండో సగంలో రెడ్డెప్ప ఒక్కసారి మరచిపోయాడు గానీ, మిగతా సార్లు నాలిక కరుచుకుని బంతిని నేలబారుగా మునికి అందించాడు. ముని రెండు గోల్స్ వేశాడు. రెండో గోలు పడ్డాక రెడ్డెప్ప మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తి వాణ్ణి ఎత్తుకుని తిప్పాడు. నెగ్గాం.

ఫైనల్‌కు మధ్యలో కొంత వ్యవధి దొరికింది. ఆ రోజుల్లో నేను పంతం పడితే వదిలేవాణ్ణి కాదు. రోజూ సాయంత్రం రెడ్డెప్పను నిలబెట్టి, వెనక నుంచీ పక్క నుంచీ "కొడు" అనిపించి, అన్న వెంటనే పాదం లోపలి అంచుతో నేలబారు పాస్ వేయించాను. మాట విన్నాక ఆలోచించకూడదు, కాలే వినాలి అని చెప్పేవాణ్ణి. సాధన ఎంత బాగా పట్టిందంటే, హాస్టల్లో పిల్లలు దాన్ని వాడుకోవడం మొదలుపెట్టారు. "రెడ్డెప్పా, ఆ సబ్బు కొడు" అంటే చేతిలోని సబ్బు ఇచ్చేసి, తర్వాత వెతుక్కునేవాడు. నా శిక్షణ మీద నాకు గర్వంగా ఉండేది.

కుప్పం పోవడం అదే మొదటిసారి కాదు నాకు. అయినా అసలు విషయం నాకు తట్టలేదు. ఎర్రమట్టి మైదానం చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ వైపు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. సెలక్షన్ కమిటీ ముగ్గురూ షామియానా కింద కూర్చున్నారు. ముని వాళ్ల నాన్న భుజాన తువ్వాలుతో కుప్పం జనం మధ్య నిలబడ్డాడు. సొంత ఊరి జట్టు మీద తన కొడుకు ఆడడం ఆయనకు నచ్చినట్టు లేదు. ముని ఆయన్ను చూశాక బూటు లేసు రెండుసార్లు విప్పి కట్టుకున్నాడు.

ఈల వేశారు. కుప్పం జట్టు బంతి అందుకుంది. పదకొండు మందీ ఒక్కసారిగా మొదలుపెట్టారు.

"కొడు! కొడు!"

జనం కూడా అందుకున్నారు. మైదానం నాలుగు వైపులా అదే మాట. లేచి రెడ్డెప్పను పిలిచాను, ఆ గోలలో వినపడలేదు. కాసేపటికి బంతి రెడ్డెప్ప కాళ్ల దగ్గరికి వచ్చింది. ఎడమ పక్క నుంచి ఎవరో "కొడు" అన్నారు. రెడ్డెప్ప ఆలోచించలేదు. పాదం లోపలి అంచుతో, నేలబారుగా, నేను నేర్పింది నేర్పినట్టు బంతిని అందించాడు. అందుకున్నది కుప్పం ఫార్వర్డ్. అంత శుభ్రమైన పాస్ ఆ సీజన్ మొత్తంలో మావాళ్లెవరూ వేయలేదు. గోలు పడింది.

కుప్పం ఆటగాడు గోలు కొట్టి వెళ్తూ వెళ్తూ రెడ్డెప్ప భుజం తట్టి థ్యాంక్స్ చెప్పాడు. జనం ఈలలు వేశారు. ఆ తర్వాత ఇంటర్వెల్ దాకా రెడ్డెప్ప బంతిని చూస్తేనే జంకాడు. కొట్టాలా ఇవ్వాలా తెలియక కాలు గాల్లోనే ఆగిపోయేది. మునికి బంతి అందే మాట అటుంచి, రెండో గోలు పడకపోవడమే మా అదృష్టమైంది.

ఇంటర్వెల్‌లో రెడ్డెప్ప తువ్వాలు మొహం మీద కప్పుకుని ఏడ్చాడు. "నాకేం తెలస్తాది సార్, ఊరు ఊరంతా కొడు కొడు అంటాండారు! నా వల్ల మునిగాడి బతుకు పాడైపాయె సార్," అన్నాడు. మిగతావాళ్లు వాణ్ణి తినేసేలా చూస్తున్నారు. నేర్పింది నేను, ఇప్పుడు నేర్పింది మరచిపొమ్మని చెప్పాలి. ఎలా చెప్పాలి?

ముని వచ్చి రెడ్డెప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు. వాడికి కోపం వచ్చి ఉంటే తప్పు పట్టేవాణ్ణి కాదు. వాడికి ఇంకో సీజన్ లేదు.

"రేయ్, ఇట్ల సూడప్పా. నువ్వు ముందెట్ల తంతాంటివో అట్లనే తన్ను. ఎవురేమన్నా యినొద్దు. నేను ఇంగ ఏమీ అడగను. నీ కాలు లేస్తానే ఉరుకుతా, అంతే."

"యాడికి పోతాదో నాకే తెలీదు కదప్పా బంతి!"

"నాకు తెలుసులే. సీజనంతా దాన్ని ఏరుకొచ్చింది నేనే కదా."

రెండో సగంలో ముని నోరు తెరవలేదు. చేయి కూడా ఎత్తలేదు. కుప్పం స్టాపర్లు వాడి అరుపు కోసం కాచుకున్నారు, అది రాలేదు. ముని కళ్లు ఎప్పుడూ వెనక్కే, రెడ్డెప్ప కుడి కాలి మీదే. కాలు లేవడమే తడవు, బంతికన్నా ముందు వాడు బయల్దేరేవాడు. రెడ్డెప్ప కూడా ఇవ్వడం, కొట్టడం అనే తేడా వదిలేసి, పుట్టినప్పటి నుంచీ తెలిసిన పని చేశాడు. తన్నాడు. చాలా బంతులు వృథా అయ్యాయి. ఆట చివర్లో ఒకటి స్టాపర్ల తల మీదుగా పోయి కుప్పం గోలు ముందు పడింది. అది పడే చోట ముని అప్పటికే ఉన్నాడు. స్కోరు సమమైంది. నేను ఎగిరి గంతేశాను. పక్కనున్న కుప్పం జనం నా వైపు చూశారు. పట్టించుకోలేదు.

ఆట సమంగా ముగిస్తే టై బ్రేకర్ పెడతారు. ఇరు జట్లూ చెరి ఐదుసార్లు నేరుగా గోలీ మీదికి కొట్టాలి. ముని కొట్టింది లోపల పడింది. రెడ్డెప్ప కొట్టింది గోలు మీదుగా, జనం మీదుగా, ప్రహరీ మీదుగా పోయింది. ఓడిపోయాం.

కమిటీ చాలాసేపు మాట్లాడుకుంది. ఓడిన జట్టు పి.డి.గా నాకు ఆ షామియానా కిందికి ప్రవేశం లేదు. దూరంగా సామాను మూట కడుతూ, అటు చూడనట్టు నటిస్తూ నిలబడ్డాను. చివరికి చలపతి గారే లేచి పేర్లు చదివారు. కుప్పం నుంచి ముగ్గురు. పుంగనూరు నుంచి ఒకరు. మా కాలేజీ నుంచి మునిరత్నం.

రెడ్డెప్ప అరిచిన అరుపుకు కమిటీ వాళ్లు ఉలిక్కిపడ్డారు. ముని మాత్రం చదివింది తన పేరేనా అని ఇంకోసారి కనుక్కుని, తర్వాత నేల మీద కూర్చుండిపోయాడు.

కమిటీ పెద్దాయన నన్ను పిలిచి మెచ్చుకున్నారు. "మీ పిల్లోడు రెండో సగంలో ఒక్క మాట మాట్లాడలేదండీ. బంతి కావాలని అరవడం లేదు, చేతులూపడం లేదు. ఎంత క్రమశిక్షణ! మా వాళ్లకూ నేర్పండి," అన్నారు. ఆయన వెనక నిలబడిన చలపతి గారు నా కళ్లలోకి చూడకుండా కాగితాలు సర్దుకున్నారు. నేను చిత్తం అన్నాను.

ముని వాళ్ల నాన్న జనంలోంచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఓడిపోయినారు గదా సార్. మరి మావోణ్ణి యాల తీసుకుండేది?" అని అడిగాడు. బాగా ఆడాడు కాబట్టి తీసుకున్నారని చెప్పాను. ఆయన కొడుకు దగ్గరికి పోయి, వాడి మోకాలికి అంటిన ఎర్రమట్టిని తువ్వాలుతో తుడిచి, "సరే, సదువుకో పో," అన్నాడు.

ముని వ్యాయామ విద్య కాలేజీలో చేరాడు, తర్వాత పి.డి. కూడా అయ్యాడు. రెడ్డెప్ప ఊరికి పోయి వ్యవసాయం చూసుకున్నాడు. నేను మదనపల్లెలోనే ఇంకా చాలా ఏళ్లు పనిచేసి, రెండువేల దశకంలో రిటైరయ్యాను.

ఆ సీజన్ నాకు నేర్పింది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఒక మాటను జట్టు మొత్తానికి నేర్పితే చాలదు, ఆ మాట ఎవరి నోటినుంచి వస్తోందో కూడా నేర్పాలి. అందుకని అడిగేవాడు ముందు తన తోటివాడి పేరు పిలిచి, తర్వాతే బంతి అడగాలని నియమం పెట్టాను. రెండోది, మనిషి ఊపిరి అందనప్పుడు ఏ భాషలో అడుగుతాడో ముందే తెలుసుకోవాలి. ఆ తర్వాత నా సర్వీసు ముగిసేదాకా, ట్రయల్స్‌కు వచ్చిన ప్రతి కుర్రాడినీ మైదానం చుట్టూ పరుగెత్తించి, వాడు రొప్పుతుండగానే బంతి అడగమనేవాణ్ణి. కొడు, ఇయ్యి, తా, దేదో, ఏది వస్తే అది మిగతా పదిమందికీ నేర్పేవాణ్ణి. అన్నేళ్లలో మా జట్టు గ్రూపు నెగ్గింది ఒక్కసారే. కానీ ఎంపిక కావడం కోసం నోరు మూసుకుని ఆడాల్సిన అవసరం మా పిల్లల్లో ఇంకెవరికీ రాలేదు.